అడ్డం పడిన తూటాను చూశాకే తీయండి

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పేలుస్తూ ఉండగా మధ్యలో ఆగిపోవడం గురించే ఉన్నందున, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాం. జవాబులు రాస్తున్నది పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే నిపుణుడిగా, చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా శీర్షికా రచయిత. పిస్టల్‌ను విప్పి చూడమని కింద ఎక్కడ చెప్పినా, అంతకుముందే మ్యాగజైన్ తీసేసి, స్లైడ్‌ను వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకున్నారన్న భరోసాతోనే ఆయన రాస్తున్నారని పాఠకులు గ్రహించాలి. ఇక్కడ మ్యాగజైన్ అంటే తూటాలు పేర్చే పెట్టె. స్లైడ్ అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం, ఫ్రేము అంటే పిడి ఉండే కింది భాగం. ఛాంబర్ అంటే బ్యారెల్ (గొట్టం) వెనుక చివర తూటా కూర్చునే చోటు. కేసు అంటే గుండు వెళ్లిపోయాక మిగిలే తూటా తొడుగు. .22, .32 అనే అంకెలు అంగుళాల్లో తూటా కొలతలు. మీరు చదువుతున్నదాన్ని పత్రిక అనే అందాం.

ప్రశ్న: నేను 25 మీటర్ల పిస్టల్ విభాగంలో సాధన చేస్తున్నాను. నా .22 స్పోర్ట్ పిస్టల్‌లో నెల రోజులుగా మూడో తూటా దగ్గర ఇబ్బంది వస్తోంది. తూటా ముక్కు ఛాంబర్‌లోకి వెళ్లకుండా కిందికి గుచ్చుకుని ఆగిపోతుంది. కొన్నిసార్లు లోపలికి వెళ్లినా స్లైడ్ పూర్తిగా మూసుకోదు, వేలితో నెట్టాల్సి వస్తోంది. తూటా ఎక్కే వాలును నున్నగా రుద్దిస్తే సరిపోతుందని తోటివారు అంటున్నారు. రుద్దించమంటారా?
– ఒక క్రీడాకారిణి, హైదరాబాద్

జవాబు: రుద్దించవద్దు. ఆ వాలు వల్లే తప్పు జరుగుతూ ఉంటే మొదటి తూటాకూ, రెండో తూటాకూ కూడా జరగాలి కదా. మూడో తూటాను మాత్రమే పట్టుకుని ఆపే దోషం పిస్టల్‌లో కంటే మ్యాగజైన్‌లో ఉండే అవకాశం ఎక్కువ. పైగా మీరు ఒక దోషం గురించి రాస్తున్నాననుకుని రెండింటి గురించి రాశారు. ముక్కు కిందికి గుచ్చుకోవడం ఒకటి, స్లైడ్ మూసుకోకపోవడం ఇంకొకటి. వీటి కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందు ముక్కు గుచ్చుకోవడం. .22 తూటాకు అడుగున అంచు వెలుపలికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు, కింది తూటా అంచుకు ముందువైపున ఉంటేనే స్లైడ్ నెట్టినప్పుడు పై తూటా సాఫీగా జారుతుంది. వెనుక పడితే కిందిదాన్ని తగులుకుని తనూ వంకరపోతుంది. చాలామంది మ్యాగజైన్ పక్కనున్న బొత్తాన్ని బొటనవేలితో అడుగుదాకా లాగిపట్టి, తూటాలను ఒక్కొక్కటిగా లోపలికి జారవిడుస్తారు. అలా పడిన తూటాలు ముక్కులు వాల్చుకుని ఎటుపడితే అటు కూర్చుంటాయి. బొత్తాన్ని ఒక్క తూటా పట్టేంత మేరకే దించి, తూటాను పెట్టి, మళ్లీ అంతే దించాలి. ఐదూ నింపాక పక్కనున్న సందులోంచి చూస్తే అన్నీ ఒకే వాలున, ముక్కులు కొద్దిగా పైకెత్తి కనిపించాలి. మధ్యలో ఒకటి తల వంచుకుని ఉంటే ఇక వెతకనక్కర్లేదు, మీ మూడో తూటా అదే.

అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకుంటే మ్యాగజైన్ స్ప్రింగ్‌నూ, తూటాలను కింద నుంచి పైకి మోసే ఫాలోయర్ పలకనూ అనుమానించాలి. పేలిన తర్వాత స్లైడ్ వెనక్కి వెళ్లి తిరిగి వచ్చేంత కొద్ది వ్యవధిలో స్ప్రింగ్ తరువాతి తూటాను పైకి తెచ్చి మ్యాగజైన్ పెదవుల (పైన తూటాను ఆపే వంపు అంచుల) కింద నిలపాలి. స్ప్రింగ్ అలసిపోయినా, లోపల సీసపు పొడి, మైనం పేరుకుని ఫాలోయర్ మెల్లగా కదిలినా, తూటా సగం లేచేసరికే స్లైడ్ వచ్చి నెట్టేస్తుంది. అప్పుడు ముక్కు వెళ్లి వాలుకు కింద కొట్టుకుంటుంది. మ్యాగజైన్ పెదవులను రెండో మ్యాగజైన్ పెదవుల పక్కన పెట్టి దీపం కింద పోల్చి చూడండి. నేలమీద పడినప్పుడు వంగిన పెదవి విడిగా చూస్తే తెలియదు, పక్కన మంచిది ఉంటే వెంటనే కంటికి ఆనుతుంది. వంగిన పెదవిని కటింగ్ ప్లేయర్‌తో సరిచేసే సాహసం మాత్రం చేయకండి.

రెండోది, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవడం. .22 తూటాకు పైన మైనపు పూత ఉంటుంది, గుండు మెత్తని సీసం. కొన్ని వందల తూటాలు పేల్చేసరికి ఈ రెండూ మసితో కలిసి ఛాంబర్ గోడలకు పట్టుకుంటాయి. అప్పుడు కొత్త తూటా చివరి రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర బిగుసుకుంటుంది. క్రీడాకారులు బ్యారెల్‌ను పుల్‌త్రూతో (శుభ్రపరిచే తాడుతో) శుభ్రంగా లాగుతారు కానీ ఛాంబర్‌నూ, స్లైడ్ ముఖాన్నీ, పేలిన కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందనున్న సందునూ వదిలేస్తారు. ఆ సందులో అగ్గిపుల్ల మొన దూర్చి లాగితే నల్లటి గట్టి ముద్ద ఊడివస్తుంది. కొక్కెం తూటా అంచును సరిగా పట్టుకోలేకపోవడానికి ఆ ముద్ద ఒక్కటే చాలు. ద్రావకం రాసి పావుగంట నాననిచ్చి, ఇత్తడి లాంటి మెత్తని లోహపు కుంచెతో ఛాంబర్‌ను తోమండి. ఇనుప కుంచె వద్దు.

శుభ్రం చేసినా బిగుతు పోకపోతే మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన ఎలా చేస్తున్నారు? .22 తూటాలో నిప్పు రాజేసే మందు అంచులో ఉంటుంది కనుక ఫైరింగ్ పిన్ కూడా అంచునే కొడుతుంది. ఛాంబర్‌లో ఏమీ లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని పిస్టళ్లలో ఆ పిన్ నేరుగా ఛాంబర్ అంచునే తాకి చిన్న గుంట చేస్తుంది. గుంట నుంచి నెట్టుకొచ్చిన లోహం ఛాంబర్ లోపలికి మిట్టలా పొడుచుకుని తూటాను ఎక్కనివ్వదు, పేలాక ఖాళీ కేసును సులువుగా రానివ్వదు. భూతద్దంతో ఛాంబర్ అంచు చుట్టూ చూడండి. మిట్ట కనిపిస్తే దాన్ని లోపలినుంచి ఒత్తి సరిచేసే పనిముట్టు ఆర్మరర్ దగ్గర ఉంటుంది, ఆకురాయితో పని లేదు. మీ పిస్టల్‌లో డ్రై ఫైర్ (ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన) కోసం ప్రత్యేక ఏర్పాటు ఉంటే దాన్ని వాడండి, లేకుంటే ప్లాస్టిక్ డమ్మీ తూటా పెట్టి సాధన చేయండి.

హై వెలాసిటీ తూటాలు వాడితే స్లైడ్ బలంగా తిరిగి సమస్య పోతుందని కూడా ఎవరైనా చెప్పే ఉంటారు. స్పోర్ట్ పిస్టల్ స్ప్రింగ్‌ను సెకనుకు సుమారు 320 నుంచి 330 మీటర్ల వేగమున్న స్టాండర్డ్ తూటాకు అనుగుణంగా అమరుస్తారు. దానికి మించిన దెబ్బలు రోజూ తగిలితే స్లైడ్, ఫ్రేము రెండూ పాడవుతాయి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. రెండు మ్యాగజైన్ల అడుగునా గోళ్ల రంగుతో ఒకటి, రెండు అని గుర్తులు పెట్టండి. ఒక చిన్న పుస్తకంలో ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏ డబ్బా, తూటా ఏ భంగిమలో ఆగింది అని రాయండి. ఆగగానే చేయి స్లైడ్ మీదికి పోవడం అందరికీ అలవాటే. సాధనలో మాత్రం పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి, ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసి, ముందు కేసు బయటపడే స్లైడ్ కిటికీలోంచి చూడండి, ఆ తరువాతే తీయండి. దోషం ఒకటో మ్యాగజైన్‌ను వెంటాడుతుంటే అది మ్యాగజైన్‌ది, రెండింటిలోనూ వస్తుంటే పిస్టల్‌ది, డబ్బా మార్చగానే పోతే తూటాలది. ఐదేసి తూటాల సిరీస్‌లు పది రాసేసరికి ఆర్మరర్ అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది.

పోటీలో అయితే ఈ పరిశీలన కూడా మీ పని కాదు. పిస్టల్‌ను లక్ష్యం వైపే పట్టుకుని, ఖాళీ చేతిని పైకెత్తి రేంజ్ అధికారిని పిలవాలి. మీరే స్లైడ్ లాగి తూటాను దులిపేస్తే, అది మన్నించదగ్గ లోపంగా లెక్కకు రాదు. లక్ష్యం కనిపించే మూడు సెకన్లలోనే ఒక తూటా పేల్చవలసిన ర్యాపిడ్ దశలో కంగారు సహజమే కానీ, ఆ కంగారులోనే చాలామంది తమకు దక్కవలసిన అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

ప్రశ్న: మా నాన్నగారి తరువాత వారి .32 పిస్టల్‌ను నా పేరున లైసెన్సు పొంది ఉంచుకున్నాను. చాలా ఏళ్లు బీరువాలోనే ఉంది. మొన్న రేంజ్‌లో పేల్చి చూస్తే ఖాళీ కేసు బయటపడకుండా కిటికీలో నిట్టనిలువుగా ఇరుక్కుంది. మరోసారి మ్యాగజైన్‌లో తూటాలు పైకీ కిందికీ కదలకుండా బిగుసుకుపోయాయి. మా ఊళ్లో లేత్ పనివాడు చూస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకులు మరమ్మతు చేయడం నేరం. మీ లేత్ పనివాడు ఎంత చేయి తిరిగినవాడైనా ఆయన దగ్గరికి వెళ్లకండి. చట్టం మాట అటుంచినా, అలాంటి చోట వాలును ఎమెరీ కాగితంతో అద్దంలా మెరిపించి తెచ్చిన పిస్టల్ ఒకటి నా దగ్గరకు వచ్చింది. వాలు కోణమే మారిపోయింది. అంతకుముందు పది తూటాలకు ఒకసారి ఆగేది, ఆ తరువాత మూడింటికి ఒకసారి ఆగింది. కోసిన లోహాన్ని తిరిగి అతికించే విద్య నాకు రాదు.

ఇక కేసు సంగతి. పేలిన కేసు బయటికి రావడంలో రెండు పనులున్నాయి. ఛాంబర్ నుంచి లాగడం కొక్కెం పని, లాగిన దాన్ని పక్కకు విసిరేయడం ఎజెక్టర్ పని. మీ కేసు కిటికీ దాకా వచ్చింది అంటే లాగడం జరిగింది, విసరడమే సరిగా జరగలేదు. .32 పిస్టళ్లలో సాధారణంగా బ్యారెల్‌కూ స్లైడ్‌కూ తాళం ఉండదు. పేలుడు ఒత్తిడే కేసును వెనక్కి నెట్టి, దాంతోపాటు స్లైడ్‌ను కూడా నెడుతుంది. అందువల్ల కొక్కెం అరిగినా కేసు ఎలాగో బయటికి వస్తూనే ఉంటుంది. కానీ కొక్కెం దాన్ని స్లైడ్ ముఖానికి గట్టిగా అదిమి ఉంచకపోతే, ఎజెక్టర్ తగిలేసరికి కేసు జారిపోయి ఎటు ఎగరాలో తెలియక నిలబడిపోతుంది. స్లైడ్ కావలసినంత వేగంతో వెనక్కి వెళ్లకపోయినా ఇదే జరుగుతుంది.

మీ విషయంలో నేను ముందుగా అనుమానించేది కొక్కేన్ని కాదు, తూటాలను. పిస్టల్‌తోపాటు నాన్నగారి కాలం నాటి తూటాలనే పేల్చారా? ఏటా ఇచ్చే కోటా పరిమితం కావడంతో మన దగ్గర తూటాలను బంగారంలా దాచుకుంటారు, తరచుగా తోలు సంచిలోనే దాచుకుంటారు. తోలు తేమను పీల్చుతుంది, ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. తుప్పు పట్టకూడదని రాసిన నూనె మెల్లగా లోపలికి దిగి మందును చెడగొడుతుంది. అలాంటి తూటా పేలినా బలం చాలక స్లైడ్‌ను సగమే తిప్పుతుంది. చిలుము పట్టినవాటిని తుడిచి వాడకండి, లైసెన్సున్న డీలర్‌ను అడిగి అప్పగించండి. కొత్తవి తెచ్చుకునేటప్పుడు పిస్టల్ తూటాలని స్పష్టంగా చెప్పండి. .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్టల్ తూటా వేరు. అంకె ఒకటే కావడం వల్ల పొరపాట్లు జరుగుతుంటాయి.

మీ రెండో సమస్యకు ఈ తూటా పుట్టుకలోనే కారణం ఉంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించి, 1899లో వెలువడిన ఈ తూటాకు అంచు పూర్తిగా లోపలికి ఉండదు, ఒంటికంటే పిసరంత వెలుపలికి వస్తుంది. ఒంటి వెడల్పు సుమారు 8.6 మిల్లీమీటర్లయితే అంచు సుమారు 9.1. ఆ అర మిల్లీమీటరే మీ మ్యాగజైన్‌ను బిగించింది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్లు పట్టుకుంటాయి. స్లైడ్ ఎంత లాగినా విడవవు. మ్యాగజైన్ తీసి, కింది తూటాను లోపలికి అదిమి, పైదాన్ని ముందుకు జరిపి విడిపించాలి. గుండు ముక్కులో గుంట ఉండే హాలో పాయింట్ తూటాలు పొడవు తక్కువ కావడం వల్ల మ్యాగజైన్‌లో ముందూ వెనుకా ఆడతాయి, అప్పుడు ఇలా చిక్కుకునే అవకాశం ఎక్కువ. 71 గ్రెయిన్ల (గ్రెయిన్ గుండు బరువుకు కొలత) పూర్తి రాగి కవచపు గుండ్రని తూటా ఆ చోటును నింపుతుంది, మీ పాత పిస్టల్‌కు అదే నప్పుతుంది.

కొత్త తూటాలు వేసి, మ్యాగజైన్ శుభ్రం చేశాక కూడా కేసు నిలబడితే అప్పుడు ఆర్మరర్‌కు చూపించి కొక్కెం స్ప్రింగ్, స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ మార్పించండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మావారూ నేనూ ఒకే చిన్న 9 మిల్లీమీటర్ల పిస్టల్‌తో రేంజ్‌కు వెళతాం. ఆయన పేలిస్తే ఒక్కసారీ ఆగదు. నేను పేలిస్తే కేసు ఇరుక్కుంటుంది, చివరి తూటా అయ్యాక స్లైడ్ వెనక నిలవకుండా మూసుకుంటుంది. పిస్టల్‌లో లోపం లేదు, నీ చేతిలోనే ఉందని ఆయన అంటున్నారు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆయన మాటలో సగం నిజముంది. మిగతా సగం ఆయన వివరించి ఉంటే మీరు ఉత్తరం రాసేవారు కాదు. స్లైడ్ వెనక్కి వెళ్లాలంటే ఫ్రేము కదలకుండా నిలబడాలి. పేలినప్పుడు మణికట్టు పైకీ వెనక్కీ ఒదిగితే ఫ్రేము కూడా స్లైడ్‌తో పాటే ప్రయాణిస్తుంది, స్లైడ్‌కు తన దారి పూర్తిగా దొరకదు. ప్లాస్టిక్ ఫ్రేముతో తేలిగ్గా ఉండే చిన్న పిస్టళ్లు ఈ విషయంలో మరీ సున్నితం. ఇది కండబలానికి సంబంధించింది కాదు. పిస్టల్ వెనక భాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండలోకి వీలైనంత పైకి అమర్చి, మణికట్టును బిగించి, రెండో అరచేతితో ఎడమ వైపు ఖాళీ లేకుండా కప్పితే చాలు.

స్లైడ్ నిలవకపోవడానికి కారణం మరొకటి కావచ్చు. రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి పట్టుకునే పద్ధతి నేర్పి ఉంటారు. చిన్న చేతుల్లో, చిన్న పిస్టల్ మీద, ఆ వేలు స్లైడ్‌ను వెనక నిలిపే స్లైడ్ స్టాప్ మీట మీద వాలుతుంది. అంతే, మీట లేవదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి, బొటనవేలిని మీటకు దూరంగా ఉంచి పేల్చండి. ఇలా ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ స్లైడ్ వెనక నిలిస్తే పిస్టల్‌కు బలం చాలుతోందనీ, వేలే అడ్డమనీ అర్థం. నిలవకపోతే 115 గ్రెయిన్ల తక్కువ బలపు సాధన తూటాలకు బదులు 124 గ్రెయిన్లవి తెచ్చి అదే పరీక్ష చేయండి. అప్పటికీ నిలవకపోతే పిస్టల్‌ను గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి, మీవారికి కూడా ఆ మాట చెప్పండి. ఆత్మరక్షణ కోసం హాలో పాయింట్ తూటాలు నింపి ఉంచుకునేట్టయితే ఆ తూటాలనే, ఆ మ్యాగజైన్‌తోనే, మీ ఇద్దరి చేతులతోనూ రేంజ్‌లో పేల్చి చూడకుండా నమ్ముకోకూడదు.

ప్రశ్న: పిస్టల్‌కు కొబ్బరి నూనె వాడవచ్చా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: తలకు వాడండి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలికాలం ఉదయం మీ స్లైడ్ పట్టాల మీద వెన్నలా పేరుకుంటుంది, పాతబడితే జిగురవుతుంది. ఆయుధాల నూనె దొరకనప్పుడు కుట్టుమిషను నూనె నయం. అదైనా స్లైడ్ పట్టాలకూ, స్లైడ్‌తో రాసుకునే చోట్లకూ ఒక్కో చుక్క చాలు. ఛాంబర్‌లో, మ్యాగజైన్‌లో, ఫైరింగ్ పిన్ దారిలో నూనె ఉండకూడదు. మసి అక్కడే ముద్ద కడుతుంది.

ప్రశ్న: క్లబ్బులో .32 సెంటర్ ఫైర్ పిస్టల్ పేలుస్తుంటే ఒక తూటాకు ‘టప్’ మని చిన్న శబ్దం వచ్చింది. చేతికి దెబ్బ తగల్లేదు, కేసు కూడా బయటికి రాలేదు. నేను స్లైడ్ లాగి కేసు తీసేసి మరో తూటా ఎక్కించబోతుంటే పక్కవారు ఆపారు. ఇది కేసు బయటపడని సమస్యే కదా?
– ఒక సభ్యుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. మీ పక్కవారికి ఒక టీ ఇప్పించండి. మందు లేకుండానో, చాలా తక్కువ మందుతోనో వచ్చిన తూటాలో ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే భాగం) బలం మాత్రమే గుండును బ్యారెల్‌లోకి నెట్టి, అక్కడే వదిలేస్తుంది. స్లైడ్‌ను తిప్పే బలం ఉండదు కనుక చూడటానికి కేసు ఇరుక్కున్నట్లే కనిపిస్తుంది. వెనక నుంచి ఇంకో తూటా పేలితే దానికి వెళ్లే దారి లేదు, బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. తూటా ఆగినప్పుడు మ్యాగజైన్ తట్టి స్లైడ్ లాగే అలవాటు మంచిదే కానీ, శబ్దం మారినప్పుడు ఆ అలవాటును అక్కడికక్కడే ఆపాలి.

శబ్దమే రాకుండా క్లిక్ మని మాత్రమే వినిపించినప్పుడు సంగతి వేరు. మందు ఆలస్యంగా అంటుకునే వీలుంది కాబట్టి పిస్టల్‌ను లక్ష్యం వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే తూటాను తీయాలి. మీకు వచ్చినట్టు సన్నని శబ్దం వస్తే రేంజ్ అధికారిని పిలిచి, ఆయన ఎదుట మ్యాగజైన్ తీసి, స్లైడ్ నిలిపి, కేసు తొలగించి, బ్యారెల్‌లోకి శుభ్రపరిచే కడ్డీ దూర్చి చూడాలి. కడ్డీ రెండో చివర నుంచి బయటికి రాకపోతే గుండు లోపలే ఉంది. సుత్తితో కొట్టకండి, ఆర్మరర్‌కు అప్పగించండి. ఆ కేసును పారేయకండి, దాని లోపల కాలని మందు గింజలు ఉన్నాయో, మసి ఒక్కటే ఉందో ఆయన చూస్తారు. డబ్బాలో మిగిలిన తూటాలను కూడా పేల్చకుండా, డబ్బా మీది లాట్ (ఒకే విడతలో తయారైనవాటి) సంఖ్యతో సహా విడిగా పెట్టించండి, ఎందుకంటే అదే లాట్ తూటాలు మీ క్లబ్బులో ఇంకెవరి దగ్గరైనా ఉండి ఉండవచ్చు.